తెలుగు మాధ్యమం విద్యార్థులకు ఇంజినీరింగ్‌లో విడిగా సన్నాహక తరగతులు అవసరమా?

విశ్రాంత అధ్యాపకుడు, హనుమకొండ:
1959లో ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాల వచ్చిన నాటి నుంచి వరంగల్‌కు ఈ చదువు కొత్త కాదు. రిజర్వేషన్లు, ఫీజు రీయింబర్స్‌మెంట్ వల్ల ములుగు, భూపాలపల్లి, ఆదిలాబాద్ పల్లెల పిల్లలూ ఇప్పుడు సీటు దాకా రాగలుగుతున్నారు. వారిలో ఎందరో మొదటి సెమిస్టర్‌లోనే బ్యాక్‌లాగ్‌లలో (తప్పి మళ్లీ రాయాల్సిన సబ్జెక్టుల్లో) కూరుకుపోవడం నన్ను కలచివేస్తోంది. బాసరలో 2008లో ఏర్పడిన సాంకేతిక విశ్వవిద్యాలయం ఆర్‌జీయూకేటీ, ప్రభుత్వ బడుల పిల్లలకు ప్రవేశంలో అదనపు వెయిటేజీ ఇవ్వడంతో ఆగకుండా, పదో తరగతి తర్వాతే వారిని చేర్చుకొని, ఇంటర్‌తో సమానమైన రెండేళ్ల పీయూసీ చదివించి బీటెక్‌లోకి పంపుతోంది. మిగతా కళాశాలలు కనీసం తరగతులకు ముందు నెల రోజులైనా తెలుగు మాధ్యమం వారికి తప్పనిసరి శిక్షణ ఇవ్వాలని ప్రతిపాదిస్తున్నాను.

ఈసెట్ (డిప్లొమా చదివినవారి ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష) ద్వారా చేరిన విద్యార్థిని, జనగామ:
సార్, మీ ఆవేదనను గౌరవిస్తూనే ఈ ప్రతిపాదనను వ్యతిరేకిస్తున్నాను. నెల రోజులు విడిగా కూర్చోబెట్టిన పిల్లలను తోటివారు నాలుగేళ్లూ ఆ గుర్తుతోనే చూస్తారు. హాస్టల్లో ర్యాంకు అడగడం వెనుక కులం తెలుసుకునే ఆరా ఎంత తరచుగా ఉంటుందో అనుభవించినవారికి తెలుసు. పైగా లోటు మాధ్యమం వల్ల మాత్రమే రాదు. పాలిటెక్నిక్ చదివి నేరుగా రెండో ఏడాదిలో చేరిన మాకు డ్రాయింగ్, వర్క్‌షాప్ అలవాటే గానీ, ఇంటర్ ఎంపీసీలోనూ మొదటి ఏడాదిలోనూ మిగతావారు నేర్చుకున్న గణితం అందక ఇబ్బంది పడతాం. ఇంటర్ నుంచి వచ్చినవారిలో కొందరికి ఆ డ్రాయింగే కొరకరాని కొయ్య. మొదటి వారంలో అందరికీ చిన్న పరీక్ష పెట్టి, ఎవరికి ఏ విషయంలో లోటుందో చూసి బోధించమని నా విన్నపం.

ఒక తల్లి, ఏటూరునాగారం:
పిల్లలు మధ్యలో ఆగడానికి పాఠాలతో పాటు డబ్బు కూడా కారణమే. రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే కళాశాల వాళ్లు ముందు మమ్మల్నే కట్టమంటారు. అమ్మాయి ఒక ఏడాది డిటెయిన్ అయితే (పై తరగతికి పంపకుండా ఆపేస్తే) ఇంకో ఏడాది ఖర్చు ఎందుకని చదువు మాన్పించి పెళ్లి మాట ఎత్తే ఇళ్లు మా వైపు ఉన్నాయి.

గణిత అధ్యాపకురాలు, వరంగల్:
తరగతులకు ముందు శిక్షణ పెడితే, దాని అవసరం ఉన్నవారిలో చాలామందికి అది అందదన్నది నా ప్రధాన అభ్యంతరం. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్ కౌన్సెలింగ్ విడతలవారీగా సాగుతుంది కనుక, చివరి విడతలోనో స్పాట్ అడ్మిషన్‌లోనో సీటు దక్కినవారు వచ్చేసరికి పాఠాలు మొదలైపోయి ఉంటాయి. అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) కొత్త విద్యార్థులకు నిర్దేశించిన మూడు వారాల ఇండక్షన్ (పరిచయ కార్యక్రమం) కూడా వారికి పూర్తిగా దొరకదు. (ఆ వారాలను ప్రసంగాలతో గడిపేయడం చూస్తే బాధ కలుగుతుంది.) అందుకే ఈ బోధన మొదటి సెమిస్టర్ టైంటేబుల్లోనే, వారానికి నాలుగు పీరియడ్లుగా, అందరికీ అందుబాటులో ఉండాలి. మాత్రికలనూ అవకలనాన్నీ తెలుగులో వివరించి, సమాధానాన్ని ఇంగ్లిషులో రాయించాలి. ఈసెట్ వారికి రెండో ఏడాది ఆరంభంలో ఇదే ఏర్పాటు చేయాలి. 2018 నుంచి జాతీయ సాంకేతిక విద్యాసంస్థల్లో (ఎన్‌ఐటీల్లో) బాలికలకు చేసినట్లు అదనపు సీట్లు కల్పించడానికి ఒక ఉత్తర్వు చాలు. చేరినవారిని నిలబెట్టడానికి మాత్రం అధ్యాపకుల సమయం కావాలి. ఈ పీరియడ్లను మా వర్క్‌లోడ్‌లో లెక్కించకపోతే అవి కాగితం మీదే మిగిలిపోతాయి. ఏటూరునాగారం అమ్మ చెప్పిన పరిస్థితి రాకుండా, సెమిస్టర్ మధ్యలో జరిగే మొదటి మిడ్ పరీక్ష మార్కులు, హాజరు చూసిన వెంటనే ఇంటికి ఫోన్ చేసే బాధ్యతను ప్రతి ఇరవై మందికీ ఒక అధ్యాపకుడికి అప్పగించాలి.

విశ్రాంత అధ్యాపకుడు, హనుమకొండ:
అమ్మా, ఆలస్యంగా చేరేవారి విషయంలో మీ సూచన సరైనదే. అయినా బాసరలో రెండేళ్లు పట్టే పనికి వారానికి నాలుగు పీరియడ్లు చాలవని నా అభిప్రాయం. మొదటి విడతలోనే సీటు వచ్చిన పిల్లలకు ఆ ఖాళీ వారాల్లో పాఠం చెప్పకుండా ఎందుకు వదిలేయాలి? తప్పనిసరి అన్న నియమం, మాధ్యమం అన్న షరతు తొలగించి, కోరినవారందరినీ కూర్చోబెడితే జనగామ అమ్మాయి అభ్యంతరం కూడా తీరుతుందా అన్నది ఆమే చెప్పాలి.