చిన్నప్పుడు ఇచ్చిన బాప్తిస్మం చెల్లదంటున్నారు, మళ్ళీ తీసుకోవాలా?

రేపల్లె పిల్ల:
అందరికీ వందనాలు. మాది గుంటూరు వైపు లూథరన్ కుటుంబం. నాకు మూడో నెలలోనే అయ్యగారు తల మీద నీళ్ళు పోసి బాప్తిస్మం ఇచ్చారు, పదో తరగతి సెలవుల్లో కన్ఫర్మేషన్ (పెద్దయ్యాక విశ్వాసాన్ని సంఘం ముందు ఒప్పుకోవడం) అయింది, అప్పట్నుంచీ బల్లలో, అంటే ప్రభు భోజనంలో, పాలు పొందుతున్నాను. ఇప్పుడు పెళ్ళి కుదిరింది, వాళ్ళది ముంచి ఇచ్చే సంఘం. అబ్బాయి మంచివాడు, అత్తగారూ మంచావిడే. కానీ వాళ్ళ పాస్టరు గారు "పసిపిల్లకి ఇచ్చింది బాప్తిస్మం కాదమ్మా, స్నానం. పెళ్ళికి ముందు తొట్టిలో దిగాల్సిందే" అన్నారు. ఆ స్నానం అన్న మాట మా అమ్మకి గుచ్చుకుంది, రెండు రోజులు సరిగ్గా అన్నం కూడా తినలేదు. నిజం చెప్పాలంటే నాకు తడవడానికి అభ్యంతరం లేదు. కానీ దిగితే, ఇన్నాళ్ళూ నేను క్రైస్తవురాలినే కాదని ఒప్పుకున్నట్టేనా? అదే టెన్షన్.

గుండ్లకమ్మ ఒడ్డు:
చెల్లీ, నేను ఒంగోలు వైపు బాప్టిస్టుని, కాబట్టి ముందే చెప్తున్నా, సిద్ధాంతంలో నేను ఆ పాస్టరు గారి పక్షమే. గ్రీకులో ఆ మాటకి అర్థమే ముంచడం. రోమా 6లో పౌలు చెప్పేది క్రీస్తుతో పాతిపెట్టబడి లేవడం గురించి, నాలుగు చుక్కలు చల్లి ఎవర్నీ పాతిపెట్టలేం కదా. మార్కు 16:16లో కూడా నమ్మడం ముందు, నీళ్ళు తర్వాత. మూడు నెలల పిల్ల ఏం నమ్ముతుంది?

అయితే మా వైపు ఒక సంగతి ఉంది. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఈ లెక్క మా వాళ్ళందరూ గొప్పగా చెప్తారు, దానికి ముందు జరిగింది మాత్రం చెప్పరు. అంతకు ముందు పెద్ద కరువు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకి తీసుకుని జనానికి కూలి పని చూపించారు. బాప్తిస్మం ఇమ్మని జనం అడుగుతున్నా ఆ కరువు పనులు నడిచినంత కాలం ఆపేశారు. గింజల కోసం మునిగారన్న మాట రాకూడదని. మరి గింజల కోసం మునిగితే అది బాప్తిస్మం కాకపోతే, పెళ్ళి కోసం మునిగితే అవుతుందా? నీకు నమ్మకం కలిగి దిగితే సంతోషం. ఫంక్షన్ హాల్ బుక్ అయిపోయిందని దిగితే మాత్రం మా లెక్క ప్రకారమే అది చెల్లదు. ఈ మాట ఆయన్నే అడుగు, మర్యాదగానే.

పాత కీర్తనలు:
అమ్మాయీ, నేను లూథరన్ సంఘంలో పుట్టి పెరిగిన రిటైర్డ్ టీచర్ని. పై తమ్ముడు చివర్లో చెప్పింది బాగుంది, మొదట చెప్పింది కాదు. బాప్తిస్మం మనం దేవుడికిచ్చే మాట కాదు, దేవుడు మనకిచ్చే మాట. విశ్వాసం బాప్తిస్మాన్ని తయారు చేయదు, అందుకుంటుంది అని మా సంఘానికి మూలపురుషుడైన లూథర్ వాదన. నీ నమ్మకం గట్టిపడినప్పుడల్లా మళ్ళీ ఇవ్వాలంటే నేను ఈపాటికి పదిసార్లు మునగాలి.

ఈ గొడవ కొత్తదీ కాదు. రోమా చక్రవర్తి డయొక్లీషియన్ పెట్టిన హింసల్లో భయపడి లేఖనాలు అప్పగించేసిన బిషప్పుల చేతి సంస్కారాలు చెల్లవని ఉత్తర ఆఫ్రికాలో డొనాటిస్టులనే క్రైస్తవ వర్గం పట్టుబట్టింది. 314లో ఆర్ల్‌లో జరిగిన బిషప్పుల సభ తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామంలో బాప్తిస్మం పొందినవాళ్ళకి మళ్ళీ ఇవ్వొద్దని తేల్చింది. తర్వాత ఉత్తర ఆఫ్రికా బిషప్పు అగస్టీను కూడా అదే వాదించాడు, ఇచ్చేవాడు ఎలాంటివాడైనా బాప్తిస్మం క్రీస్తుదే అని. ఎఫెసీ 4:5లో "బాప్తిస్మమొక్కటే" అని ఉంది కదమ్మా. అపొస్తలుల కార్యములు 16లో ఫిలిప్పీ చెరసాల నాయకుడి ఇంటివారందరూ ఒకే రాత్రి పొందారు కూడా.

గుండ్లకమ్మ ఒడ్డు:
సార్, ఆ ఇంట్లో ఉయ్యాల్లో పిల్లాడున్నాడని మాత్రం ఎక్కడా లేదు 🙂 అపొస్తలుల కార్యములు 19లో ఎఫెసు శిష్యులు రెండోసారి తీసుకున్నారు కదా?

పాత కీర్తనలు:
వాళ్ళు ముందు పొందింది యోహాను బాప్తిస్మం నాయనా. ఈ అమ్మాయిది త్రియేక నామంలో ఇచ్చింది. రెండూ ఒకటెలా అవుతాయి?

జపమాల:
మేం కాథలిక్కులం, జ్ఞానస్నానం అంటాం. (స్నానం అనే మాట తిట్టు కాదు, మీ అమ్మగారికి చెప్పండి!) నీళ్ళు ఉండి, మత్తయి 28:19 మాటలు (తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామంలో అని) పలికి ఇస్తే మీ లూథరన్ బాప్తిస్మం మాకు చెల్లుతుంది. మీరు రేపు మా గుడికి వచ్చినా మళ్ళీ ఇవ్వరు. ప్రాణం పోయేలా ఉంటే నర్సు కూడా ఇవ్వొచ్చు, ఆవిడ క్రైస్తవురాలు కాకపోయినా సరే. మాటల దగ్గర మాత్రం మా వాళ్ళు మహా గట్టి. అమెరికాలో ఫీనిక్స్ దగ్గర ఒక ఫాదర్ ఏళ్ళ తరబడి "నేను నీకు" అనాల్సిన చోట "మేము నీకు" అన్నారని ఆ జ్ఞానస్నానాలన్నీ చెల్లవన్నారు, 2022లో ఆ ఫాదర్ తన పారిష్ (ఆయన చూసుకునే స్థానిక సంఘం) వదిలేశారు. ఆ ఒక్క మాట కోసం వేలమందికి ఎంత ఇబ్బందో! నాకైతే అది మరీ ఎక్కువనిపించింది.

కాగితాలు చూసేవాడు:
సిద్ధాంతం నాకు తెలీదు. చట్టం వరకూ అయితే, 1872 నాటి క్రిస్టియన్ మ్యారేజ్ యాక్ట్‌కి వధూవరుల్లో ఒక్కరైనా క్రైస్తవులైతే చాలు, ముంచారా చల్లారా అని అది అడగదు. ఆయన ఒప్పుకోకపోతే వేరే చర్చిలోనో మ్యారేజ్ రిజిస్ట్రార్ దగ్గరో చేసుకోవచ్చు.

రేపల్లె పిల్ల:
అందరికీ థాంక్స్. కరువు సంగతి అతనికి ఫోన్‌లో చదివి వినిపించాను, కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారి దగ్గరకి ఇద్దరం వెళ్దాం, నేనే అడుగుతా" అన్నాడు. నేను దిగుతానో లేదో ఇంకా తేల్చుకోలేదు, తొందరేం లేదనిపిస్తోంది. అమ్మ మాత్రం బీరువాలోంచి నా బాప్తిస్మం సర్టిఫికెట్ తీసి టేబుల్ మీద పెట్టింది, ముందు అది లామినేషన్ చేయించుకురమ్మంటోంది.