లెట్ ద రైట్ వన్ ఇన్: ఎలీ ఆస్కార్‌ని కాపాడిందా, తన పనికి తయారుచేసుకుందా?

రాత్రిబండి
(ముందే చెబుతున్నా, కథంతా బయటపెడుతున్నా. చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి.)

2008లో వచ్చిన స్వీడిష్ సినిమా, దర్శకుడు టోమస్ ఆల్ఫ్రెడ్‌సన్. 1980ల మొదట్లో, స్టాక్‌హోమ్ శివారు బ్లాకెబెర్గ్‌లో కథ. 12 ఏళ్ల ఆస్కార్‌ని బడిలో కోనీ గ్యాంగ్ రోజూ ఏడిపిస్తుంటుంది. పక్క ఫ్లాట్‌లోకి ఎలీ దిగుతుంది, వెంట హోకన్ అనే పెద్ద వయసు మనిషి. ఎలీ వాంపైర్: మనుషుల రక్తం తాగి బతుకుతుంది, వయసు పెరగదు, ఎండ పడదు, పిలవనిదే ఎవరింట్లోకీ రాకూడదు. ఎలీకి రక్తం తెచ్చిపెట్టడానికి హోకన్ మనుషుల్ని చంపుతుంటాడు. చివర్లో ఈతకొలనులో ఆస్కార్ తలని నీళ్లలో ముంచి పట్టుకుంటే ఎలీ వచ్చి వాళ్లని ముక్కలు చేస్తుంది. తర్వాతి సీన్‌లో ఆస్కార్ రైల్లో ఉంటాడు, పక్కన ఒక పెట్టె, పెట్టెలో ఎలీ.

ఎక్కడ చూసినా దీన్ని అందమైన ప్రేమకథ అని రాస్తున్నారు. నాకు మింగుడుపడదు. హోకన్ ముసలివాడయ్యాడు, వరసగా పనులు చెడగొడుతున్నాడు, దొరికిపోయాడు. సరిగ్గా అప్పుడే ఎలీకి ఒంటరి పిల్లాడొకడు తగిలాడు. వాడు కత్తి పట్టుకుని చెట్టుని పొడుస్తుంటాడు, హత్యల వార్తలు కత్తిరించి పుస్తకంలో అంటించుకుంటాడు. ఇంతకన్నా పనికొచ్చేవాడు ఎవడు దొరుకుతాడు? "ఈ రాత్రికి ఆ అబ్బాయిని కలవకు" అని హోకన్ బతిమాలే సీన్ గుర్తుంది కదా. తన ఉద్యోగం పోతోందని ఆయనకి అర్థమైంది. ఆస్కార్ పెద్దయితే హోకనే. కాదనేవాళ్లు సీన్లు చూపించి చెప్పండి, ఫీలింగులు వద్దు.

చలిమంట
సీన్లే చెబుతా. మొదటిసారి కలిసినప్పుడే ఎలీ "నేను నీ ఫ్రెండ్‌ని కాలేను, ముందే చెబుతున్నా" అంటుంది. వల వేసేవాళ్లు ఎవరైనా ఆ మాటతో మొదలుపెడతారా? వాడు ఇచ్చిన మిఠాయి ఒంటికి పడదని తెలిసినా తిని, గోడ పక్కకి వెళ్లి కక్కుకుంటుంది. ఇంటిలోపలికి రమ్మనకపోతే ఏమవుతుందో చూద్దామని వాడు వేళాకోళం చేస్తే, నోరెత్తకుండా లోపలికి వచ్చి ఒళ్లంతా రక్తం కారుస్తూ నిలబడుతుంది. తన ప్రాణం వాడి చేతిలో పెట్టింది.

అన్నిటికన్నా ముఖ్యమైనది, కొలను సీన్‌కి ముందే ఎలీ ఊరు విడిచి వెళ్లిపోయింది. కొత్త పనివాడే కావాలనుకుంటే టాక్సీ ఎక్కేటప్పుడు వాణ్ణి కూడా రమ్మనేది.

రాత్రిబండి
చలిమంట గారూ, ఆ రక్తం సీన్‌నే నా వైపు సాక్ష్యంగా వేసుకుంటా. "నువ్వు పిలవకపోతే నేను చస్తా, నీ ఇష్టం." మనిషిని కట్టిపడేసేవాళ్లందరూ ఆడే ఆట కాదా ఇది? పన్నెండేళ్ల పిల్లాడు బెదిరిపోయి "రా, లోపలికి రా" అని అరుస్తాడు. ఆ తర్వాత ఎలీ ఏం చేసినా వాడు కాదనలేడు.

ఫ్రెండ్‌ని కాలేను అన్నదంటారా, వద్దన్నకొద్దీ పిల్లలు ఇంకా వెంటపడతారు.

ఇంటర్వెల్
అంటే ఎలీ మంచి చేస్తే నటన, చెడు చేస్తే నిజస్వరూపం. మీ వాదన ఏ సీన్‌కీ ఓడిపోదు గురూ 😀

పాతరీలు
2010లో మాట్ రీవ్స్ అమెరికాలో మళ్లీ తీసిన లెట్ మీ ఇన్ చూశారా ఎవరైనా? కథని న్యూ మెక్సికోలోని లాస్ ఆలమోస్‌కి మార్చారు. అందులో అబ్బీ (ఎలీ పాత్రకి అక్కడి పేరు) దగ్గర పాత ఫోటోల స్ట్రిప్ ఒకటి ఉంటుంది. దాంట్లో అబ్బీ అలాగే ఉంది, పక్కన చిన్న కుర్రాడు. చూడగానే తెలిసిపోతుంది, ఇప్పుడున్న ముసలాయన ఒకప్పుడు ఆ కుర్రాడే. రాత్రిబండి గారి వాదన ఆ సినిమాకి అతికినట్టు సరిపోతుంది.

స్వీడిష్ సినిమాలో అలాంటి ఫోటో లేదు. హోకన్ ఎక్కణ్ణుంచి వచ్చాడో చెప్పరు. సినిమాకి మూలమైన నవలలోకి వెళ్తే ఇంకా తేలిపోతుంది. 2004 నాటి లిండ్‌క్విస్ట్ నవలలో హోకన్ చిన్నప్పటినుంచీ ఎలీతో పెరిగినవాడు కాదు. పిల్లల మీద వక్రబుద్ధి ఉన్న మాజీ టీచర్, పెద్దయ్యాకే ఎలీకి తగిలాడు. సినిమాకి స్క్రీన్‌ప్లే రాసింది కూడా లిండ్‌క్విస్టే. ఆ తర్వాత ఆయన ఒక చిన్నకథ కూడా రాశాడు. చాలా ఏళ్ల తర్వాతి ఫోటోలో ఎలీ, ఆస్కార్ ఇద్దరూ అదే వయసులో కనిపిస్తారు. అంటే ఆస్కార్ ముసలివాడు కాలేదు, ఎలీలాగే మారిపోయాడు.

ఇంకో మాట, అందరూ ఎలీని అమ్మాయిగానే రాస్తున్నారు. "నేను అమ్మాయిని కాదు" అని ఎలీ సినిమాలోనే చెబుతుంది. నవలలో అసలు పేరు ఎలియాస్.

రాత్రిబండి
రచయిత తర్వాత రాసుకున్న కథ సినిమాకి తీర్పు ఎలా అవుతుందండీ? ప్రేక్షకుడి ముందున్నది రెండు గంటల సినిమా. అందులో ఒక ముసలి సేవకుడు పోయాడు, ఒక చిన్న సేవకుడు వచ్చాడు. పక్కపక్కన పెట్టి చూపించాక ఆ లెక్క కట్టకుండా ఎలా ఉంటాం?

సుద్దముక్క
నేను బడిలో పనిచేస్తాను కాబట్టి ఈ సినిమాలో నా కళ్లు ఎప్పుడూ ఎలీ మీద కన్నా మిగతావాళ్ల మీదే ఉంటాయి.

స్వీడన్ 1979లోనే, పిల్లల్ని ఇంట్లో తల్లిదండ్రులు సహా ఎవరూ కొట్టకూడదని చట్టం చేసింది. ప్రపంచంలో అదే మొదటిది. ఈ కథ జరిగేది ఆ తర్వాత రెండు మూడేళ్లకి. ఆస్కార్‌ని పెద్దవాళ్లెవరూ కొట్టరు, నిజమే. ఎవరూ చూడరు కూడా. చెంప మీద గాయం చూసి అమ్మ అడిగితే పడ్డానంటాడు, అక్కడితో సరి. నాన్న దగ్గర హాయిగా ఆడుకుంటుంటాడు, తాగుడు దోస్తు ఒకడు వచ్చి కూర్చోగానే ఆ నాన్నకి కొడుకు కనపడడు. చివరికి కొలను దగ్గర కాపలా ఉండాల్సిన సార్‌ని బయటికి రప్పించడానికి బయట మంట పెడితే చాలింది.

ఇక ఎలీ ఇచ్చిన సలహా. "తిరిగి కొట్టు, నీకు ధైర్యం ఉన్నదానికన్నా గట్టిగా కొట్టు, అప్పుడు ఆపేస్తారు." హాల్లో అందరూ చప్పట్లు కొట్టే మాట ఇది. ఏం జరిగిందో వరసగా చూడండి. ఆస్కార్ కర్ర తీసుకుని కోనీ చెవి పగలగొట్టాడు. కోనీ అన్న జిమ్మీ రంగంలోకి దిగాడు. చెవికి బదులు కన్ను అన్నాడు. మూడు నిమిషాలు ఊపిరి బిగబట్టు, లేకపోతే కన్ను పీకేస్తా అని నీళ్లలో ముంచాడు. ఆపేస్తారు అన్నది జరగలేదు, ఏడిపించడం కాస్తా హత్యాయత్నం అయింది.

బుల్లీయింగ్ (బడిలో పిల్లలు పిల్లల్ని ఏడిపించడం) మీద మొదట్లోనే గట్టిగా పరిశోధన చేసిన డాన్ ఓల్వేయుస్ స్వీడన్‌లో పుట్టినవాడే. 1970లలోనే మొదలుపెట్టాడు. ఆయన చెప్పిన లక్షణాలు మూడు: కావాలని చేయడం, మళ్లీ మళ్లీ చేయడం, ఇద్దరి బలాల్లో తేడా ఉండటం. ఆ మూడోదే అసలు చిక్కు. ఒక్క దెబ్బతో బలాల తేడా పోదు, అవతలివాడు ఇంకా పెద్దవాణ్ణి తెచ్చుకుంటాడు.

మూడోబెంచి
సుద్దముక్క మేడమో సారో తెలీదు, గౌరవంతోనే అడుగుతున్నా. మరి ఆస్కార్ ఏం చెయ్యాలి? పెద్దవాళ్లు చూడరని మీరే అన్నారు. తిరిగి కొట్టకూడదనీ మీరే అంటున్నారు. ఇంక మిగిలింది పడి ఉండటమే కదా.

కర్రతో కొట్టాక వాడి మొహం చూడండి. సినిమా మొత్తంలో వాడు అంత తేలికపడింది అప్పుడే. బడిలో దెబ్బలు తిన్నవాళ్లకి ఆ మొహం ఎందుకు నచ్చుతుందో వేరే చెప్పక్కర్లేదు. దాన్ని తప్పు అనడం బయట నిలబడ్డవాళ్లకి సులువు.

సుద్దముక్క
పడి ఉండమని అనలేదు మూడోబెంచి గారూ. ఆ పని ఆస్కార్ ఒక్కడి నెత్తిన పెట్టొద్దు అంటున్నా. ఆండ్రియాస్‌ని గమనించారా? కోనీ గ్యాంగ్‌లోవాడే, మనసు లేకుండానే వాళ్ల వెంట తిరుగుతాడు. కొలనులో కూడా ఉన్నాడు. ఎలీ మిగతా ముగ్గుర్నీ చంపి వాణ్ణి ఒక్కణ్ణే వదిలేస్తుంది, బెంచీ మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తుంటాడు. ఫిన్లాండ్‌లో తుర్కు యూనివర్సిటీవాళ్లు బుల్లీయింగ్ ఆపడానికి తయారుచేసిన కివా అనే కార్యక్రమం పనిచేసేది ఇలాంటివాళ్ల మీదే. చుట్టూ నిలబడి నవ్వేవాళ్లు, చూసీ చూడనట్టు పోయేవాళ్లు పక్కకి తప్పుకుంటే కోనీకి ఆడటానికి స్టేజీ ఉండదు. ఆండ్రియాస్ ఒక్కరోజు ముందు నోరు తెరిచుంటే కథ వేరు.

ఇంటర్వెల్
అప్పుడు సినిమా పది నిమిషాల్లో అయిపోయేది, నిర్మాత ఏడ్చేవాడు.

మూడోబెంచి
ఆండ్రియాస్ నోరు తెరిస్తే మర్నాడు ఆస్కార్ చోటులో ఆండ్రియాసే ఉంటాడు. వాడికీ అది తెలుసు, అందుకే తెరవలేదు. మీ ఫిన్లాండ్ పద్ధతి నడవాలంటే కూడా దాన్ని నడిపే పెద్దలు ఉండాలి కదా. లేరన్నదే ఈ సినిమా.

సుద్దముక్క
అక్కడ మాత్రం మీతో ఏకీభవిస్తాను.

చలిమంట
మళ్లీ అసలు ప్రశ్నకి వస్తా. రాత్రిబండి గారి లెక్కలో ఒక చిల్లు ఉంది. ఎలీకి హత్యలు చేసిపెట్టే మనిషి అవసరం అంటున్నారు. కానీ హోకన్ పని చెడగొట్టుకున్నాక ఎలీ సొంతంగానే వంతెన కింద యొక్కె అనే ఊరివాణ్ణి చంపింది, చిన్నపిల్లలా సాయం అడిగి దగ్గరికి పిలిచి మరీ. కొలనులో ముగ్గుర్ని చంపింది. రక్తం కోసమైతే ఎలీకి ఎవరూ అక్కర్లేదు. ఇంక ఆస్కార్‌ని వెంటబెట్టుకుని పోవడానికి ఇష్టం తప్ప కారణం ఏముంది?

రాత్రిబండి
పగలు.

ఎలీకి వేట వచ్చు, పగటిపూట బతకడం రాదు. కిటికీకి అట్టలు కట్టాలి, ఇల్లు అద్దెకి మాట్లాడాలి, టికెట్ కొనాలి, పెట్టె మోయాలి. ఆఖరి సీన్ పగలే పెట్టారు చూడండి. ఇంకా వెనక్కి వెళ్తే, స్నానాలతొట్టిలో ఎలీ నిద్రపోతుంటే యొక్కె స్నేహితుడు లాకె కత్తి తీసుకుని చంపడానికి వస్తాడు. అప్పుడు అరిచి లేపింది ఎవరు? ఆస్కార్. ఎలీ లాకె మీద పడ్డాక ఆ గది తలుపు మూసింది ఎవరు? ఆస్కార్. ఆ రోజే వాడు పనిలో చేరిపోయాడు. ఎలీ అడగను కూడా లేదు.

చలిమంట
అడగలేదు కదా. మొదటినుంచీ నేను చెప్పేది అదే.