రాప్‌లో ‘రైమ్’ను ప్రాస అనవచ్చా?

ప్రశ్న (విజయవాడ): ‘ది మిస్‌ఎడ్యుకేషన్ ఆఫ్ లారిన్ హిల్’ (1998) ఆల్బమ్‌ను తెలుగులో పరిచయం చేస్తుంటే ఒకచోట పేచీ వచ్చింది. రాప్, సోల్, రెగె, ఆర్ అండ్ బీ అన్నీ ఒకే గొంతులో పలికిన ఆల్బమ్ అది. గ్రామీలో ‘ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్’ గెలిచిన తొలి హిప్‌హాప్ ఆల్బమ్ కూడా (1999). ఆమె రాప్‌లో వినిపించే రైమ్‌ను ‘ప్రాస’ అనేయవచ్చా? ఆ బీట్‌కి తెలుగు మాటలు కట్టాలంటే మన ఛందస్సులో ఏది కుదురుతుంది?

జవాబు (గుంటూరు): ఒట్టి ‘ప్రాస’ అనకండి, ‘అంత్యప్రాస’ (పాదాల చివర కలిసేది) అనండి. మన ప్రాస పాదంలో రెండో అక్షరం. అక్కడ హల్లు నిలవాలి, అచ్చు మారినా ఫర్వాలేదు. ఇంగ్లిష్ రైమ్‌లో అచ్చే ప్రాణం. రాప్‌లోనైతే హల్లు కాస్త అటూ ఇటూ అయినా అచ్చు కలిస్తే చాలు, చెవి ఒప్పుకుంటుంది. రెండూ ఎదురుబొదురు లెక్కలు.

ఛందస్సంటారా, మధురగతి రగడ చూడండి. పాదానికి నాలుగు మాత్రల గణాలు నాలుగు, మొత్తం 16 మాత్రలు (లఘువు ఒక మాత్ర, గురువు రెండు). హిప్‌హాప్ బార్‌లో, అంటే తాళం ఒక చుట్టులో, నాలుగు బీట్లు, బీటుకు నాలుగు చొప్పున 16 పాళ్లు. అచ్చంగా సరిపోతుంది. పైగా రగడకు ఆదిప్రాస (పైన చెప్పిన రెండో అక్షరం ప్రాస), అంత్యప్రాస రెండూ ఉండాలి. ఇప్పటికిప్పుడు కట్టిన నమూనా:

బండికి | నిండుగ | బస్తా | భారం
ఎండిన | మిర్చికి | ఎర్రని | కారం

రెండో అక్షరం ‘ండ’, చివర ‘ఆరం’. పాదం మొదటి అక్షరంతో కుదిరే యతి మూడో గణం మొదట్లో: బ–బ, ఎ–ఎ. మామూలు బీట్‌లో కిక్ (డ్రమ్‌లో బరువైన దెబ్బ) ఒకటో బీటు మీద, మూడో బీటు మీద పడుతుంది. యతి అక్షరాలు సరిగ్గా అక్కడే పడ్డాయి చూడండి. యతి పాతకాలపు చాదస్తమనేవాళ్లు దీన్ని డ్రమ్‌తో ఒకసారి చదివి వినాలి.

విజయవాడ: మరి ద్విపద ఎందుకు కాదండీ? పల్నాటి వీరచరిత్ర ఊరూరా పాడినదే కదా.

గుంటూరు: అది మంజరీ ద్విపద, అంటే ప్రాస నియమం లేనిది. చిక్కు ప్రాసతో కాదు, మాత్రలతో. మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. ఇంద్రగణం నాలుగు మాత్రలు కావచ్చు, ఐదూ కావచ్చు, సూర్యగణం మూడు. అంటే పాదం 15 నుంచి 18 మాత్రల దాకా ఊగుతుంది. పాడేవాడు సాగదీసి సర్దుకుంటాడు, యంత్రం మీద నడిచే బీట్ సర్దుకోదు. ముత్యాలసరం మూడూ నాలుగుల మిశ్రగతి, అదీ ఇక్కడ కుదరదు.

మరో సభ్యుడు (విజయవాడ): గుంటూరు మాస్టారు చెప్పినదానికి రెండు చేర్పులు.

తెలుగులో అంత్యప్రాస మరీ సులువు, ప్రమాదం అక్కడే. ‘వస్తున్నాను, చూస్తున్నాను’ అని ప్రత్యయాలు కలిపితే నాలుగు బార్లకే విసుగొస్తుంది. పైగా ‘వస్తున్నాను’ ఒక్కటే 7 మాత్రలు, బార్‌లో దాదాపు సగం మింగేస్తుంది. మన వైపు ‘వస్తన్నా’ 6, ‘వచ్చా’ 4. క్రియను పాదం మధ్యలోకి నెట్టి, నామవాచకాన్ని చివర పెట్టండి.

రెండోది స్నేర్, అంటే డ్రమ్‌లో చురుకైన దెబ్బ. అది రెండో బీటు మీద, నాలుగో బీటు మీద, అంటే 5వ, 13వ మాత్రల దగ్గర కొడుతుంది. అక్కడ గురువు ఉండాలి. పై నమూనాలో ‘నిం, భా, మి, కా’ నాలుగూ గురువులే. లఘువును పెట్టి, ఇంగ్లిష్ వాళ్లలా నొక్కిపెట్టి సాగదీస్తే మాటే మారిపోతుంది: ‘పడు’ కాస్తా ‘పాడు’ అవుతుంది. వాళ్ల భాషలో ఊనిక ఉంది, మనకున్నది మాత్ర.

విజయవాడ: వేగం ఎంత పెట్టుకోవాలి?

అదే సభ్యుడు: 90 బీపీఎం (నిమిషానికి బీట్లు) దగ్గర సెకనుకు 6 మాత్రలు, హాయిగా నడుస్తుంది. 140కి వెళ్తే సెకనుకు 9 దాటుతాయి. ‘స్త్ర’, ‘ష్ట్ర’ లాంటి సంయుక్తాలు నోట్లోనే ముద్దవుతాయి. ప్రతి నాలుగో బార్‌ను 14 మాత్రలకే ఆపి, మిగతా రెండూ ఊపిరికి వదలండి. పాడే పల్లవికైతే అవే 16 మాత్రలను రెండు బార్లకు పరచండి. సాగదీత గురువుల మీదే ఉండాలి.