నోటరీ మీద కొన్న ఇంటికి స్లాబు వేయొచ్చా?

ఇడ్లీబండి అక్క:
హైదరాబాద్‌లో ఒక బస్తీలో మాది 58 గజాల రేకుల ఇల్లు. 2009లో నోటరీ మీద కొన్నాం. భూమి సర్కారుది, పట్టా లేదు. వెనక నాలా. మా ఆయన పొద్దున్నే అడ్డా మీద నిలబడతాడు, వారంలో మూడు నాలుగు రోజులే పని. నా ఇడ్లీ బండి మీద గిరాకీ ఉంటే ఖర్చులు పోను ఆరేడు వందలు మిగులుతాయి. ముసురు పట్టిందంటే పులిసిన పిండి పారబోయడమే.

నెలకు 5 వేల చొప్పున 2 లక్షల చిట్టీ కడుతున్నాను. ఇప్పుడు ఆ చిట్టీ పాడి, వచ్చిన డబ్బుతో ముందు గదికి స్లాబు వేద్దామని మా ఆయన పట్టు. మే నెలలో రేకుల కింద చిన్నదానికి ఒళ్లంతా చెమటకాయలు. పెద్దోడు గల్లీలో లైటు కింద కూర్చుని చదివాడు. కానీ మొన్న ఎవరో వచ్చి కొలతలు తీసుకుపోయారు, ఎందుకో చెప్పలేదు. ఒకటే టెన్షన్. స్లాబు కూల్చినా ఇంకా 26 నెలలు చిట్టీ కట్టాల్సిందే కదా. ఏం చేయమంటారు?

సెంట్రింగ్ మేస్త్రి:
చెల్లీ, నాలా పక్కన స్లాబు వద్దు. పోసింది ఊడదీసుకుని పోలేం. ఇనుప పైపుల మీద కొత్త రేకులు బోల్టులతో బిగించుకో, రేపు అవసరమైతే విప్పుకోవచ్చు. పైన తెల్ల కూల్ పెయింట్ వేయించు. సున్నం కొట్టినా వేడి తగ్గుతుంది.

బస్తీ పిల్లోడు:
అక్కా, 2014 డిసెంబర్‌లో జీవో 58 వచ్చింది. సర్కారు జాగాలో 125 గజాల లోపు ఇళ్లున్న పేదలకు ఉచితంగా పట్టా ఇచ్చారు. మాకు అమ్మ పేరు మీదే వచ్చింది. 2023లో మళ్లీ దరఖాస్తులు తీసుకున్నారు. నాలా, చెరువు శిఖం (చెరువులో మునిగే) భూములైతే కష్టం. ముందు మీ సర్వే నంబరు ఏ భూమి కిందుందో తహసీల్దార్ ఆఫీసులో కనుక్కోండి. రుజువుగా చూపే కరెంటు బిల్లుల అచ్చు కొన్నాళ్లకే వెలిసిపోతుంది, వచ్చినప్పుడే జిరాక్స్ తీయించండి.

పండ్లబండి తమ్ముడు:
ఇల్లు సరే, బండికి వీధి వ్యాపారి గుర్తింపు కార్డు ఉందా అక్కా? 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం 30 రోజుల నోటీసు లేకుండా తీయించకూడదు. సామాను పట్టుకుపోయినా, పాడయ్యేవి అడిగిన రోజే తిరిగివ్వాలి. ఇది తెలియక నేను రెండు పెట్టెల మామిడి పోగొట్టుకున్నాను. వడ్డీ వ్యాపారి దగ్గరికి మాత్రం పోకు, కార్డుంటే బ్యాంకులో వీధి వ్యాపారులకిచ్చే స్వనిధి లోన్ అడగొచ్చు.

ఇడ్లీబండి అక్క:
అందరికీ దండాలు. కార్డు లేదు, సోమవారం బండి మా ఆయనకు అప్పజెప్పి వార్డు ఆఫీసుకు వెళ్తాను. చిట్టీ ఇప్పుడు పాడను, ఆగితే పాటలో పోయే డబ్బయినా మిగులుతుంది. అన్నా, 12 అడుగుల గదికి పైపులు, రేకులు కలిపి ఎంతవుతుందో కాస్త లెక్క చెప్తావా?