ఇరకం దీవి పడవ వెంట వచ్చిన తెల్ల పిట్టలేవి?

కావలి మేడం:
సంక్రాంతి సెలవుల్లో పిల్లలతో పులికాట్ సరస్సులోని ఇరకం దీవికి వెళ్లొచ్చాం. తడ దగ్గర బీవీ పాలెంలో పడవెక్కాం. వెళ్లింది ఫ్లెమింగోల కోసం, అవేమో ఎక్కడో దూరంగా ఉన్నాయి. పడవ వెంట మాత్రం తెల్ల పిట్టల గుంపొకటి చాలా దూరం వచ్చింది. ఎర్ర కాళ్లు, ఎర్ర ముక్కు, కంటి వెనక దిష్టి చుక్క పెట్టినట్టు నల్ల మచ్చ. మావాడు టెర్న్ అంటాడు, మా ఆయన సీగల్ అంటారు. పడవ ఊపుకి ఫోటోలు సరిగ్గా రాలేదు. ఏవై ఉంటాయి? ఫ్లెమింగోల గుంపులో కొన్ని మట్టిరంగువి కూడా ఉన్నాయి, అవి వేరే జాతా? ఈసారి పడవాయన్ని దగ్గరికి పోనివ్వమందామా?

మైపాడు కుర్రోడు:
టెర్నే అనుకుంటా మేడం. మా బీచ్‌లో కూడా తిరుగుతుంటాయి.

నెల్లూరు బైనాక్యులర్:
కాదు తమ్ముడూ, మేడం వాళ్లాయన చెప్పిందే కరెక్టు. సీగలే. టెర్న్ తోక చీలి ఉంటుంది, చేప కనిపిస్తే తలకిందులుగా నీళ్లలోకి దూకుతుంది, తర్వాత వచ్చి ఏ వెదురు గుంజ మీదో వాలుతుంది. సీగల్ నీళ్ల మీదే కూర్చుంటుంది, పడవ వెంటపడి చిల్లర చేపలు ఏరుకుంటుంది.

మేడం, సీగల్స్‌లో రెండు రకాలకి ఆ చుక్క ఉంటుంది. రెక్క చివర చూడండి. నలుపులో తెల్ల మచ్చలుంటే బ్రౌన్ హెడెడ్ గల్, దాని కన్ను కూడా లేతగా ఉంటుంది. రెక్క ముందు అంచు తెల్లగా, చివర్లు మాత్రం నల్లగా ఉంటే బ్లాక్ హెడెడ్ గల్. పేరులో బ్రౌన్ ఉంది, తలేమో తెల్లగా ఉందేందని కంగారు పడొద్దు. ఆ రంగు ఎండాకాలం ముందు వస్తుంది. అప్పటికి అవి లడఖ్, టిబెట్ సరస్సుల వైపు గుడ్లు పెట్టడానికి బయల్దేరతాయి.

మట్టిరంగువి ఫ్లెమింగో పిల్లలే. గులాబీ రంగు తిండిలోంచి రావాలి, దానికి కొన్నేళ్లు పడుతుంది.

దగ్గరికి మాత్రం పోనివ్వొద్దు. "లేపమంటారా సార్?" అని కొందరు పడవవాళ్లే అడుగుతారు, అందరూ ఫోన్లు పైకెత్తుతారు. నాకు అది చూస్తే ఒళ్లు మండుతుంది. ఫ్లెమింగో తల తిరగేసి, ముక్కుతో బురదనీళ్లు వడగట్టుకుని తింటుంది. అంత చిన్న తిండి కాబట్టి రోజులో చాలాసేపు తింటూనే ఉండాలి. లేపిన ప్రతిసారీ తిండి పోతుంది, ఎగరడానికి ఒంట్లో కొవ్వూ కరుగుతుంది. తల నీళ్లలో ఉన్నంతసేపు ఫర్వాలేదు. అన్నీ మెడలెత్తి ఒకేవైపు నడవడం మొదలుపెడితే ఇంజిన్ ఆపించేయండి.

కావలి మేడం:
థాంక్యూ అండీ. ఒక ఫోటోలో రెక్క చివర దొరికింది, తెల్ల మచ్చలున్నాయి. మావాడు ఇంకా ఒప్పుకోవట్లేదు.

సూళ్లూరుపేట వాసి:
ఫ్లెమింగోలకైతే పడవే అక్కర్లేదక్కా. మా ఊరి నుంచి శ్రీహరికోట పోయే రోడ్డుకి రెండుపక్కలా పులికాటే. పొద్దన్నే రండి, ఎండెక్కితే నీళ్ల మీద అంతా మసకే. వానలు మరీ ఎక్కువ పడిన ఏడు మాత్రం లోతుకి కాళ్లు అందక అవి పక్కకు పోతాయి, ముందు ఎవర్నైనా కనుక్కుని బయల్దేరండి. పనిలో పని నేలపట్టు పక్షుల కేంద్రం కూడా చూడండి, గూడబాతులు (పెలికాన్లు) పులికాట్‌లో చేపలు పట్టుకుపోయి పిల్లలకు పెట్టేది అక్కడే.