అప్‌డేట్: ఫ్రిస్కోలో క్రిమినల్ రికార్డు ఎక్కడ వెతకాలి

పిల్లల్ని చూసుకోవడానికి పెట్టుకునే మనిషి మీద కేసులున్నాయేమో ఎలా చూడాలని అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. తేలింది ఇదీ.

టెక్సస్‌లోని ఫ్రిస్కో ఊరు కాలిన్, డెంటన్ అనే రెండు కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) ఉంది. కాబట్టి రెండింట్లోనూ వెతకాలి, మనిషి ముందు ఎక్కడుండేవారో ఆ కౌంటీలోనూ వెతకాలి. కౌంటీ సైటుల్లో వెతకడానికి డబ్బు కట్టక్కర్లేదు. పెద్ద నేరాల (ఫెలనీ) రికార్డులు డిస్ట్రిక్ట్ క్లర్క్ దగ్గర, అంతకన్నా చిన్న నేరాలవి (క్లాస్ ఏ, బి మిస్‌డిమీనర్లు) కౌంటీ క్లర్క్ దగ్గర ఉంటాయి. జరిమానాతో పోయే క్లాస్ సి కేసులు మునిసిపల్ కోర్టు లేదా జస్టిస్ ఆఫ్ ది పీస్ కోర్టుకు (చిన్న కేసులు చూసే స్థానిక కోర్టు) వెళ్తాయి. ఫెడరల్ కేసులు వీటిలో కనిపించవు, వాటికి పేసర్ (PACER) అనే ఫెడరల్ కోర్టుల ఆన్‌లైన్ రికార్డుల సైటు వేరుగా ఉంది. పేజీకి 10 సెంట్లు, మూడు నెలల బిల్లు 30 డాలర్లు దాటకపోతే వసూలు చేయరు.

మన పేర్లతోనే అసలు చిక్కు. ఇంటిపేరు, పేరు తారుమారై ఎక్కి ఉండొచ్చు. రెండు వరసల్లోనూ, లక్ష్మిని 'కెఎస్‌హెచ్'తోనూ 'ఎక్స్'తోనూ కొట్టి చూడండి. పుట్టిన తేదీ కలవకపోతే ఆ కేసు వాళ్లదని అనుకోకండి, అది అన్యాయం.

'డిస్మిస్‌డ్' అని ఉంటే శిక్ష పడలేదు. 'డిఫర్డ్ అడ్జుడికేషన్' (దోషి అని తేల్చకుండా జడ్జి కొంతకాలం షరతులతో పరిశీలనలో ఉంచడం) కూడా టెక్సస్‌లో కన్విక్షన్ (దోషిగా తేలడం) కాదు. ఎక్స్‌పంక్షన్ అయినవి (కోర్టు ఉత్తర్వుతో రికార్డు తీసేసినవి), నాన్‌డిస్‌క్లోజర్ ఆర్డర్ ఉన్నవి (జనానికి చూపించొద్దని కోర్టు చెప్పినవి) అసలు కనబడకూడదు. డబ్బు కట్టి కంపెనీతో రిపోర్టు తీయిస్తే మాత్రం ఆ మనిషి రాతపూర్వక అనుమతి ముందే తీసుకోవాలి.