ఆటోమేటిక్ కారుని ముందు చక్రాలు నేల మీదే ఉంచి లాక్కెళ్లారు, గేర్‌బాక్స్ పోయినట్టేనా?

చిల్లకల్లు_రోడ్డు:
మొన్న ఆదివారం విజయవాడ నుంచి హైదరాబాద్ వస్తుంటే కోదాడ దాటాక రేడియేటర్ హోస్ పగిలి బండి ఆగిపోయింది. సీవీటీ ఆటోమేటిక్ (గేర్లకు బదులు బెల్టు, పుల్లీలతో నడిచే రకం), ఫ్రంట్ వీల్ డ్రైవ్, అంటే ఇంజిన్ తిప్పేది ముందు చక్రాలనే. వెనక సీట్లో అమ్మ, పాప ఉన్నారు, లారీ వెళ్లినప్పుడల్లా బండి ఊగిపోతోంది, ఆ టెన్షన్‌లో పక్కన టీ కొట్టతను ఇచ్చిన నంబరుకి ఫోన్ చేశాను. హుక్కు క్రేన్ వచ్చింది. వెనక వైపు అందుతోందని వెనక చక్రాలు పైకెత్తి, గేరు న్యూట్రల్‌లో పెట్టించి, సూర్యాపేట దాకా 30 కిలోమీటర్ల పైనే లాక్కెళ్లాడు. హోస్ మార్చారు, స్టార్ట్ అవుతోంది, కానీ డి లో వేస్తే ఒక క్షణం ఆగి కదులుతోంది, 40 స్పీడు దగ్గర సన్నగా ఈల లాంటి చప్పుడు. న్యూట్రల్‌లోనే ఉంది కదా, అయినా దెబ్బతింటుందా?

గ్రీజు_చేతులు:
ముందు ఆ బండి నడపడం ఆపండి. న్యూట్రల్ అంటే ఇంజిన్‌తో సంబంధం తెగుతుంది గానీ చక్రాలతో తెగదు, ముందు చక్రాలు తిరుగుతుంటే లోపల కొన్ని భాగాలు తిరుగుతూనే ఉంటాయి. సీవీటీలో ఆయిల్ పంపుని తిప్పేది ఇంజినే, ఇంజిన్ ఆగితే ఆయిల్ ప్రెషర్ ఉండదు, బెల్టు పుల్లీల మీద జారి గీతలు పడతాయి. ఏఎంటీ అయితే ఇంత భయం లేదు, అది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్, గేర్లు మాత్రం దానంతటదే మారుస్తుంది. ఆయిల్ తీయించి చూడండి, మాడు వాసన గానీ మెరిసే పొడి గానీ ఉంటే విప్పాల్సిందే.

రికవరీ_అన్న:
11 ఏళ్లుగా ఇదే పని చేస్తున్నా. ఆ క్రేన్ అతను చేసింది తప్పు. ఫ్రంట్ వీల్ డ్రైవ్‌కి ముందు చక్రాలే ఎత్తాలి, హ్యాండ్ బ్రేక్ దించి వెనక చక్రాల మీద దొర్లించాలి. ఆల్ వీల్ డ్రైవ్, ఎలక్ట్రిక్ బండ్లయితే నాలుగు చక్రాలూ ఫ్లాట్‌బెడ్ (బండి మొత్తాన్ని ఎక్కించుకునే చదును లారీ) మీదే ఉండాలి, ఎలక్ట్రిక్‌లో చక్రం తిరిగితే మోటారు కరెంటు పుట్టిస్తుంది. కాబట్టి ఫోన్‌లోనే చెప్పండి, ఆటోమేటిక్, ముందు చక్రాల బండి, ఫ్లాట్‌బెడ్ పంపండి అని. బండి వచ్చాక కూడా చూసుకోండి: బండిని పైకి లాగే వించ్ తాడు తగిలించాల్సింది బంపర్ వెనక దొరికిన రాడ్డుకి కాదు, టోయింగ్ హుక్‌కి. బంపర్ మీద చిన్న మూత ఉంటుంది, అది తీసి హుక్ చివరిదాకా బిగించాలి, సగం మరలకే లాగితే ఊడి వస్తుంది. పైకెక్కాక బెల్టులు టైర్ల మీదుగా వెయ్యమనండి. లాగేటప్పుడు తాడుకి ఎదురుగా ఎవ్వరూ నిలబడొద్దు, తెగితే మనిషి మిగలడు.

పంతంగి_టోల్:
నేషనల్ హైవే మీద హెల్ప్‌లైన్ 1033 కి ఫోన్ చేయండి, రాత్రయినా ఎత్తుతారు. కాకపోతే వాళ్లు పంపే క్రేన్ పని ముఖ్యంగా బండిని దారికి అడ్డం లేకుండా తీయడం, షెడ్డు దాకా చేర్చడానికి ఇన్సూరెన్స్‌లో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉందేమో చూసుకోండి, ఎన్ని కిలోమీటర్లు ఉచితమో పాలసీలోనే ఉంటుంది. ఫ్యామిలీతో ఉంటే బండిలో కూర్చోకండి, బారికేడ్ అవతలికి వెళ్లి నిలబడండి.

చిల్లకల్లు_రోడ్డు:
అందరికీ థ్యాంక్స్. ఇవాళ ఆయిల్ తీయించాను, నల్లగా ఉంది, మెకానిక్ వేలి మీద రాసి ఎండలో చూపిస్తే వెండి రజనులా మెరిసింది. అన్న చెప్పిన హుక్ స్టెప్నీ కింద జాకీ పక్కనే ఉంది, ఐదేళ్లుగా అక్కడే ఉన్నా నాకు తెలియదు. క్రేన్ వెనక నుంచి ఎత్తినప్పుడు తమ్ముడు తీసిన ఫొటో ఉంది, క్రేన్ ఓనర్‌తో మాట్లాడటానికి అదే ఆధారం. ఎల్లుండి గేర్‌బాక్స్ విప్పుతారు, ఏం తేలిందో ఇక్కడే రాస్తాను.